బందరు గాలికి రాగి తొడుగు

జూన్ 9, సోమవారం

వచ్చింది. నా ల్యాప్‌టాప్ వచ్చింది.

కోనేరు సెంటర్లో గోవర్ధనరావు గారి షాపు నుంచి ఇంటిదాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. గుంట వచ్చినప్పుడల్లా డ్రైవరు మీద కేకలేశాను. అతను వెనక్కి తిరిగి, "లోపల ఏముందమ్మా, గుడ్లా?" అన్నాడు. చెప్పలేదు. అతనికి చెబితే బందరంతా తెలిసిపోతుంది. అందరికీ వరసపెట్టి చెప్పుకోవాల్సింది నేను కదా.

పెళ్లయి, షబీనా పుట్టి, అది బడికెళ్లడం మొదలుపెట్టాక దూరవిద్యలో చదివిన ఎం.ఏ. తెలుగు పద్దెనిమిదేళ్లుగా బీరువాలో చీరల కింద పడుకుని ఉంది. ఇప్పుడు లేచింది. చెన్నైలోనూ బెంగళూరులోనూ పుట్టి తెలుగు అక్షరం రాని పిల్లలకు ఆన్‌లైన్‌లో నేర్పే కంపెనీ ఒకటి నన్ను డెమో క్లాసుకు పిలిచింది. జూన్ 21, శనివారం, ఉదయం పదకొండు గంటలకు. అరగంట. ఫోన్ పనికిరాదు, ల్యాప్‌టాప్ తప్పనిసరి. మధ్యలో నెట్ పోతే రెండో అవకాశం ఇవ్వరు. నచ్చితే ఉద్యోగం. నలభై ఆరేళ్లకు నా మొదటి ఉద్యోగం.

నాకేమీ ఆత్రం లేదు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

పెట్టె ఇప్పటికి ఆరుసార్లు తెరిచి మూశాను.

షాపులోనే ఆన్ చేసి, నా పేరు ఎక్కించి, నెట్ కూడా చూపించి ఇచ్చారు. ఇంటికొచ్చి స్విచ్ నొక్కబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"తొడుగు లేకుండా ఈ గాలిలో పెడితే ఆర్నెల్లు కూడా ఉండదు. రెండ్రోజులు ఆగు," అన్నారు.

నిజమే. మా వీధికి ఒక పక్కనుంచి సముద్రపు ఉప్పుగాలి, ఇంకో పక్కనుంచి రోల్డ్‌గోల్డ్ నగలకు పూత వేసే షెడ్ల యాసిడ్ పొగ. మిక్సీ స్క్రూలు తుప్పు పట్టాయి, టీవీ రిమోట్ చచ్చిపోయింది, నా వెండి పట్టీలు బొగ్గయ్యాయి. మా వీధిలో ఏం కొన్నా ముందు దానికో తొడుగు ఆలోచిస్తారు. మా ఫ్రిజ్జుకు నాకన్నా ఎక్కువ గౌన్లున్నాయి. ఆయన ఉక్కు స్కేలు తీసుకొచ్చి పొడవు, వెడల్పు, అంచు మందం అన్నీ కొలిచి, అగ్గిపెట్టె వెనక రాసుకున్నారు. తరవాత పెరటి గదిలోకి వెళ్లి పని పీట మీది గోనె తీశారు.

ఈ మాట మళ్లీ రాసుకుంటాను. గోనె తీశారు. ముప్పై ఏళ్లు నగల అచ్చులు చెక్కిన మనిషి. చిలకలపూడిలో ఆయన అచ్చులోంచి రాని జుంకా ఉండేది కాదు. అచ్చులు కంప్యూటరు మిషన్ల మీద కోయడం మొదలయ్యాక పని మొత్తం అటు పోయింది. రెండేళ్లుగా పొద్దున్నే టీ కొట్టుకు వెళ్లడం, వచ్చి గోడ వైపు తిరిగి పడుకోవడం. ఇవాళ గోనె తీశారు.

జూన్ 10

రాగి రేకు తెచ్చుకున్నారు. భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. మూడుసార్లూ విసుక్కున్నారు. ఎంత బాగుందో.

జూన్ 11, బుధవారం

తొడుగు అయింది. ఏం చెప్పను. పై మూతకు ఒక ముక్క, కింద భాగానికి ఒక ముక్క. అంచులు లోపలికి మడిచి తెర చుట్టూ నాలుగు వైపులా పట్టీలా వచ్చేటట్టు చేశారు. ఎక్కడా సందు లేదు, వేలితో తడిమితే ఎక్కడ రాగి ఆగిందో ఎక్కడ ల్యాప్‌టాప్ మొదలైందో తెలియదు. కెమెరాకు ఆవగింజంత రంధ్రం. అడుగున గాలికి వరసగా చిల్లులు. మూత నిండా లతలు, ఆకులు, నడిమధ్య తెలుగులో "గౌసియా టీచరు" అని చెక్కారు.

"ఇంకా ఉద్యోగం రాలేదండీ," అన్నాను.

"చెక్కాక చెరపడం కుదరదు. కాబట్టి రావాలి," అన్నారు.

ఆయన వేళ్లకు రెండు చోట్ల బొబ్బలు. పని తప్పి చేతులు మెత్తబడ్డాయి కదా. వాటిని చూసుకుని మురిసిపోతున్నారు.

తొడుగు వేసి ఆన్ చేశాం. నెట్ రాలేదు. మొదటి రోజు కదా, దానికి కొత్తిల్లు.

జూన్ 12

నెట్ రాలేదు.

ఆయన ఫోన్లో వస్తోంది. నా ఫోన్లో వస్తోంది. మూడు అడుగుల దూరంలో వైఫై డబ్బా పచ్చలైటు వెలిగించుకుని నవ్వుతోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒకసారి మా ఇంటి నెట్ పేరు కనిపిస్తుంది, నొక్కేలోపు మాయమవుతుంది.

గుడివాడలో ఉన్న షబీనాకు ఫోన్ చేశాను. అక్కడ అల్లుడి చెప్పుల షాపు లెక్కలన్నీ అదే కంప్యూటర్లో చూస్తుంది, కాబట్టి మా ఇంట్లో ఇంజనీరు అదే.

"అమ్మీ, ముందు ఆపి మళ్లీ ఆన్ చెయ్యి."

చేశాను.

"విమానం బొమ్మ వెలుగుతోందా చూడు. వెలిగితే నొక్కి ఆపెయ్యి."

వెలగడం లేదు. నొక్కాను. వెలిగింది. మళ్లీ నొక్కాను. ఆరింది. నెట్ రాలేదు.

"నెట్ పేరు మర్చిపో అని ఉంటుంది. అది నొక్కి, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టు."

మర్చిపోవడం చక్కగా మర్చిపోయింది. మళ్లీ గుర్తు తెచ్చుకోవడానికి పేరు కనిపించాలి కదా.

"పోనీ వైరు పెట్టు, డబ్బాలోంచి నేరుగా."

ఈ ల్యాప్‌టాప్ ఎంత నాజూకంటే ఆ వైరు పట్టే కన్నమే లేదు.

అరగంట గడిచాక షబీనా, "అమ్మీ, నువ్వు కంగారుపడి ఏదో నొక్కేస్తున్నావు," అంది. నేను దానికి అ ఆలు దిద్దించినప్పుడు ఇలా అన్నానా? అన్నానేమో. గుర్తులేదు.

కంగారేమీ లేదు. ఇంకా తొమ్మిది రోజులుంది.

జూన్ 13, శుక్రవారం

నెట్ రాలేదు. డెమో పాఠం మాత్రం తయారు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఆవు బొమ్మ నేనే గీశాను. మా ఆయన చూసి, "మేక బాగుంది," అన్నారు.

జూన్ 14

కేబుల్ శ్రీను వచ్చాడు. మా వీధి మొత్తానికి నెట్ ఇచ్చేది అతనే. డబ్బా విప్పి, వైరు పీకి, పెట్టి, మళ్లీ పీకి చూశాడు. డబ్బాను ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా ఒక గీత వస్తుంది, పోతుంది. అతని ఫోన్లోంచి నెట్ ఇచ్చి చూశాడు. కలిసింది. నేను చప్పట్లు కొట్టేలోపు పోయింది.

"మా లైను బంగారంలా ఉందక్కా. మీ మిషన్లోనే ఏదో తేడా. షాపువాడికి చూపించండి," అన్నాడు. తరవాత తొడుగు వైపు చూసి, "ఇది కంపెనీదేనా?" అని అడిగాడు.

మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"నేనే చేశాను."

"బాబోయ్, ఏం పనితనం రహంతుల్లా గారూ," అంటూ శ్రీను మూతను చేత్తో నిమిరి నిమిరి చూశాడు. అతను వెళ్లాక ఆయన పీట దగ్గరకు వెళ్లి ఉలులన్నీ బయటికి తీసి నూనె రాశారు. నెట్ రాకపోయినా ఇవాళ మంచి రోజే.

జూన్ 16, సోమవారం

షాపుకు తీసుకెళ్లాను. తొడుగుతో అయితే సంచిలో పట్టదు, పైగా ఆటోలో సొట్ట పడుతుందని ఆయన భయం. తొడుగు విప్పి, తువ్వాలులో చుట్టి మంచం మీద పెట్టి వెళ్లాను.

గోవర్ధనరావు గారు ఆన్ చేశారు. టక్కున వచ్చింది. చుట్టుపక్కల షాపుల నెట్ పేర్లన్నీ బారులు తీరాయి, పద్నాలుగు లెక్కపెట్టాను.

"ఏమ్మా, బానే ఉందిగా?"

"ఇంట్లో రావడం లేదండీ."

"అయితే మీ ఇంట్లో నెట్ బాలేదు."

"ఫోన్లో వస్తోందండీ."

ఆయన నన్ను జాలిగా చూశారు. జ్వరం లేని పిల్లను మళ్లీ మళ్లీ తీసుకొచ్చే తల్లిని డాక్టరు చూసే చూపు. అయినా మంచి మనిషి, లోపల ఏవేవో కొత్తగా ఎక్కించి, పరీక్షించి, టీ ఇప్పించి పంపారు.

ఇంటికొచ్చి తొడుగు వేసి పెట్టాను. నెట్ రాలేదు.

జూన్ 17

మళ్లీ వెళ్లాను. షాపులో వచ్చింది. ఇంట్లో రాలేదు.

షాపు నుంచే గోవర్ధనరావు గారు కేబుల్ శ్రీనుతో ఫోన్లో మాట్లాడారు. నీ లైనే అని ఈయన, మీ మిషనే అని అతను. నేను మధ్యలో నిలబడి వియ్యంకుల గొడవ విన్నట్టు విన్నాను. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. నాకు వాడటం రాదట.

నాలుగు రోజులు. నాకు భయం వేస్తోంది. ఇదిగో, రాశాను. ఈ ఉద్యోగం నాకు కావాలి. వస్తే వస్తుంది అని రాసిందంతా అబద్ధం. పద్దెనిమిదేళ్లుగా కావాలి.

జూన్ 18, బుధవారం

ఇవాళ ఏమీ రాయను.

అదే రోజు, సాయంత్రం

రాస్తాను.

వారానికే రాగి మసకబారింది, మా వీధి గాలి అలాంటిది. మధ్యాహ్నం ఆయన పడుకున్నారు కదా అని తొడుగు విప్పి, చింతపండు నానబెట్టి, వంటగదిలో తోముతున్నాను. పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది. టింగ్ అంది. మళ్లీ టింగ్. తరవాత వరసగా. చింతపండు చేతుల్తోనే వెళ్లి చూశాను. మా ఇంటి నెట్, నిండుగా నాలుగు గీతలు. ఆగిపోయిన మెయిళ్లన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి.

గట్టిగా అరవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పులుపు తగిలింది. తరవాత తొడుగు కడిగి, తుడిచి, వేశాను. గీతలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. తీశాను. వచ్చాయి. వేశాను. పోయాయి.

యాదృచ్ఛికం అయి ఉంటుంది. శ్రీను లైను బాగు చేసి ఉంటాడు.

జూన్ 19

పదకొండుసార్లు తీసి వేశాను. యాదృచ్ఛికం కాదు.

తీసేసి క్లాసు చెప్పుకుంటే సరిపోతుంది, ఇందులో ఏముంది అని ఎవరైనా అంటారు. ఎవరైనా మా ఇంటికొచ్చి ఆ మనిషిని చూడాలి. పొద్దున టీ కొట్టులో అందరికీ చెప్పి వచ్చారట, శనివారం చెన్నైవాళ్లు తన పని చూస్తారని. మధ్యాహ్నం ఇంకో రాగి రేకు తెచ్చారు, నా ఫోన్‌కు కూడా తొడుగు చేస్తారట. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నారు. రెండేళ్లలో మొదటిసారి చేసిన పని నా బతుకుకు అడ్డం పడిందని ఎలా చెప్పను? చెబితే గోనె మళ్లీ కప్పేస్తారు. ఈసారి కప్పితే ఇక తీయరు.

కంపెనీవాళ్లు తొడుగులు ఒప్పుకోరట అని చెబుతాను. తెర మీద మెరుపు పడుతోందట అని చెబుతాను. శనివారం ఆయన్ని ఏదో పని మీద చల్లపల్లి పంపిస్తాను.

ఏ అబద్ధం బాగుందో రేపు చూసుకుంటాను.

జూన్ 20, శుక్రవారం

అబద్ధం చెప్పలేకపోయాను. జుమ్మా నమాజు నుంచి వచ్చి, తెల్ల లాల్చీతోనే కూర్చుని, "రేపు నేను ఎక్కడ కూర్చోను? కెమెరాలో పడకూడదు కదా," అని అడిగారు. అంతే, నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. చింతపండు దగ్గర్నుంచి.

ఆయన ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుని అంచు వెంట వేలు పోనిచ్చి చూశారు.

"రేకు అడ్డమా?" అన్నారు చివరికి.

"అవునండీ. అది ఉంటే నెట్ లోపలికి రాదు."

"నమ్మను."

తొడుగు విప్పారు. నా ఫోన్ తీసుకుని రెండు ముక్కల మధ్య పెట్టి, అంచులు బిగించి మూశారు. అచ్చు సరిగా పడిందో లేదో చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టి, తన ఫోన్ నుంచి నాకు చేశారు. స్పీకరు పెట్టారు. మీరు చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అని అమ్మాయి చెప్పింది. విప్పి చేశారు, మోగింది. మూసి చేశారు, అమ్మాయి మళ్లీ అదే చెప్పింది. నాలుగోసారి చేశాక నా ఫోన్ నా చేతిలో పెట్టి, తొడుగు చంకలో పెట్టుకుని, బయటికి వెళ్లిపోయారు.

మూడు గంటలైంది. నాలుగైంది. పనులన్నీ చేసుకున్నాను, ఏం చేశానో గుర్తులేదు. తుక్కు కొట్టు మా వీధి చివరే ఉంది. అటు వెళ్లారేమో అని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూశాను. ఆరింటికి వచ్చారు. చంకలో తొడుగు ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"ఏడుగురి ఫోన్లు పెట్టి చూశాం," అన్నారు గుమ్మంలోంచే. "అబ్బులు టీ కొట్టు దగ్గర. ఏడుకి ఏడూ అందుబాటులో లేవు. శ్రీను కూడా వచ్చాడు. వాడి రెండు ఫోన్లూ పెట్టాడు. రెండూ పోయాయి."

"మీకు కోపం రాలేదా?"

"కోపమా? ఉప్పుగాలి ఆపుదామని చేస్తే ఆకాశంలోంచి వచ్చేదే ఆగిపోయింది. అంత బిగువుగా కుదిరింది అతుకు. ఏ కంప్యూటరు మిషను చేస్తుంది చెప్పు?"

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆయనా నవ్వారు. ఇద్దరం కళ్లు తుడుచుకునేదాకా నవ్వాం. శ్రీనుకు ఫోన్ చేసి నాకు వాడటం వచ్చని చెప్పాను. గోవర్ధనరావు గారికీ చేసి చెప్పాను.

జూన్ 21, శనివారం

అన్నీ వరసగా రాస్తాను.

పదిన్నరకే కూర్చున్నాను. తొడుగు లేని ల్యాప్‌టాప్, నాలుగు గీతలు. మా ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని, లేచి, కూర్చుని, పదకొండుకు ఐదు నిమిషాలుండగా, "నావల్ల కాదు, నాకే పరీక్షలా ఉంది," అని పెరట్లోకి వెళ్లిపోయారు.

తెర మీద ఇద్దరు. కంపెనీ తరఫున మార్కులు వేసే క్రిస్టినా గారు, ఆవిడ నమస్కారం చెప్పి కెమెరా ఆపేసుకున్నారు. రెండోది లిఖిత, ఆరేళ్లు, చెన్నై. నా ఆవును చూసి పాప ఏమీ అనలేదు. అ అనమంటే అనలేదు. ఆ అనమంటే పక్కకు తిరిగి గోడ చూసింది. ఐదు నిమిషాలు గడిచాయి. నెట్ నిండుగా ఉంది, పాఠమే రావడం లేదు. వారం రోజులు డబ్బానూ లైనునూ తిట్టాను, ఇప్పుడు ఎవర్ని తిట్టను?

అప్పుడు మొదలైంది పెరటి గదిలోంచి. టక టక. టక టక. చుట్టూ ఏ చప్పుడూ ఉండకూడదని వాళ్లు క్లాసు మొదట్లోనే చెప్పారు. లేచి తలుపు వేయాలా, అరవాలా తెలియలేదు.

పాప తెర వైపు తిరిగింది.

"మిస్, ఆ సౌండ్ ఏంటి?"

"మా ఆయన పని చేసుకుంటున్నారమ్మా."

రెండేళ్లయింది నేను ఆ మాట అని.

"ఏం పని?"

"నగలు చేయడానికి అచ్చులు చెక్కుతారు. సుత్తితో. ఎలా వినిపిస్తోంది చెప్పు?"

"టక్ టక్."

"దాన్ని రాద్దామా?"

ఆవును పక్కన పడేశాను. ట రాశాను. పాప రాసింది, తోక అటు తిప్పింది, సరిచేశాను. క రాశాను. సుత్తి పడ్డప్పుడల్లా పాప ట మీద వేలు పెట్టి చూపించాలి, ఆట. ఆయన ఆపినప్పుడు పాప కూడా ఆగి చెవి పెట్టింది. మళ్లీ మొదలైతే కిలకిలా నవ్వింది. అరగంట అయ్యేసరికి కాగితం కెమెరాకు ఆనించి, వేలు పెట్టుకుని, తనంతట తానే చదివింది, ట, క, ట, క. ఆ పిల్ల బతుకులో చదివిన మొదటి తెలుగు మాట మా ఆయన సుత్తి చప్పుడు.

క్రిస్టినా గారు, "రేపు ఫోన్ చేస్తామండీ," అన్నారు. గొంతులో ఏమీ తెలియలేదు.

పరుగెత్తాను. ఆయన పీట ముందు వంగి ఉన్నారు. ముందర ఇనప ముక్క, దాని మీద సగం చెక్కిన జుంకా, నెమలి మెడ దాకా వచ్చింది.

"ఎవరిచ్చారు ఆర్డరు?"

"ఎవరూ ఇవ్వలేదు. భయమేస్తుంటే చేతులు ఊరుకోలేదు," అన్నారు తల ఎత్తకుండా. తరవాత ఒక్కసారిగా తల ఎత్తి, "అయ్యో, నీ క్లాసులో వినిపించిందా?" అన్నారు.

"లేదండీ," అన్నాను.

జూన్ 22, ఆదివారం

పదింటికి ఫోన్. సెలెక్ట్ అయ్యాను. రేపు సోమవారం నుంచే క్లాసులు, రోజుకు మూడు. లిఖిత వాళ్లమ్మ, ఆ మిస్సే కావాలని అడిగారట. షబీనాకు చెప్పాను, ఫోన్లోనే ఏడ్చింది. శ్రీనుకు, గోవర్ధనరావు గారికి, ఎదురింటివాళ్లకు, పాలవాడికి చెప్పాను. ఆటో డ్రైవరు కనిపిస్తే అతనికీ చెబుతాను.

ఫోన్ పెట్టేసే ముందు క్రిస్టినా గారు, "ఒక్కటే రిమార్కండీ. పక్క గదిలోంచి చప్పుడు వచ్చింది. రేపటి నుంచి ఆ తలుపు వేసుకుని చెప్పండి," అన్నారు.

"తప్పకుండా వేసుకుంటానండీ," అన్నాను.

ఉద్యోగం వచ్చాక నేను ఆడిన మొదటి అబద్ధం అది.